ఋతువుల పటంలో లోపాలు

హైస్కూలు తొలి తరగతుల భూగోళ పాఠ్యపుస్తకాలలో భూమి చలనాలు ఒక ముఖ్యమైన పాఠం. భూమి తన చుట్టూ తాను తిరగడం వలన రాత్రింబగళ్ళు, వాలిన అక్షంతో సూర్యుని చుట్టూ తిరగడం వలన ఋతువులు కలుగుతాయని విద్యార్థి నేర్చుకొంటాడు. పాఠంతోపాటు ఒక పటం ఉంటుంది. నడుమ సూర్యుడు, చుట్టూ కోడిగ్రుడ్డు వలె సాగిన కక్ష్య, దానిపై నాలుగు చోట్ల భూమి. ఆ పటం చూచిన విద్యార్థిని వేసవి ఎందుకు వస్తుందని అడిగితే, అప్పుడు భూమి సూర్యునికి దగ్గరగా ఉంటుందని తరచు జవాబు చెబుతాడు. అందుకు విద్యార్థిని నిందించి ప్రయోజనం లేదు. పటం అతనికి చెప్పినది అదే.

నిజానికి భూమి సూర్యునికి మిక్కిలి చేరువగా ఉండేది జనవరి మొదటి వారంలో. అప్పటి దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదటి వారంలో అది సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. అంటే చేరువగా ఉన్నప్పుడే భారతదేశంలో చలికాలం. ఆ జనవరిలోనే ఆస్ట్రేలియాలో వేసవి. ఒకే భూమిపై ఒకేసారి రెండు ఋతువులు ఉన్నప్పుడు దూరం కారణం కాజాలదు.

కక్ష్య దీర్ఘవృత్తమన్న మాట సత్యమే. కాని దానిని 10 సెంటీమీటర్ల పొడవున సరియైన కొలతలతో గీస్తే, వెడల్పు తగ్గేది మిల్లీమీటరులో సుమారు 70వ వంతు మాత్రమే. పెన్సిలు గీత మందం అంతకంటె ఎక్కువ. కంటికి అది వృత్తమే. అక్షపు వాలు చూపడానికి కక్ష్యను ఏటవాలుగా చూచినట్లు గీయడం తప్పుకాదు. ఆ సంగతి పటం క్రింద ఒక్క వాక్యంలో చెప్పకపోవడమే తప్పు.

రెండవ లోపం ఋతువుల పేర్లలో ఉన్నది. పటంలోని నాలుగు ఋతువులు సమశీతోష్ణ మండలపు లెక్క. తెలుగునాట పిల్లవాడు ఎరిగినవి ఎండకాలం, వానకాలం, చలికాలం. పగలు అన్నిటికంటె దీర్ఘంగా ఉండేది జూన్ 21 ప్రాంతంలోనైనా, ఎండలు ముదిరేది మే నెలలో, రోహిణి కార్తె నాటికి. తరువాత ఋతుపవన మేఘాలు కమ్మి వేడిని తగ్గిస్తాయి. ఈ మాట పాఠంలో లేకుంటే పుస్తకం దారి పుస్తకానిది, ఊరి దారి ఊరిది అవుతుంది.

ఈ లోపాలను సవరించడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఆటస్థలంలో నిలువుగా పాతిన మీటరు కర్ర చాలును. హైదరాబాదులో డిసెంబరు 22 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నపు నీడ ఉత్తరంగా సుమారు 86 సెంటీమీటర్లు ఉంటుంది. మే 9 ప్రాంతంలో నీడ కర్ర మొదటనే అణగిపోతుంది. జూన్ 21 నాటికి దక్షిణంగా సుమారు 10 సెంటీమీటర్లు పడుతుంది. ఆగస్టు 3 ప్రాంతంలో మరల మాయమవుతుంది. నీడ పొడవైన కొద్దీ కిరణాలు ఏటవాలుగా వచ్చి ఎక్కువ నేలపై పరచుకొంటాయి. పగలు కూడ జూన్‌లోని 13 గంటలనుండి డిసెంబరులో 11 గంటలకు తగ్గుతుంది. చలికి మూలం ఇదే.

మే నెలలో బడికి సెలవులు. కాని ఆగస్టులో బడి తెరిచే ఉంటుంది. ఆనాడు నీడ మాయమయ్యే వేళకు గడియారం 12 గంటలు దాటి 20 నిమిషాలకు పైగా ఎందుకు చూపుతుందన్న ప్రశ్న, కాకినాడకు చేరువగా పోయే 82½ డిగ్రీల రేఖాంశం వద్దకు, ప్రామాణిక కాలం పాఠానికి దారి తీస్తుంది. ఆ నీడను స్వయంగా కొలిచిన విద్యార్థి పటం ఎలా ఉన్నా మోసపోడు.