పెట్టెమీది బరువు, గొట్టమడిగెడి పొడవు

తూటాలను అంగడిలో కొనక, ఇంటియందే ఇత్తడి తొడుగునకు మందు నంటించు ప్రైమరు బిగించి, మందు తూచి పోసి, పైన గుండు కూర్చి స్వయముగా సిద్ధపఱచుకొను వేటకాండ్రు అమెరికాలో ఊరూరను కలరు. ఆ దేశమున స్థిరపడిన పిమ్మట నేనును ఆ విద్య నభ్యసించితిని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట గతచరిత్రయైన మన దేశపు పాఠకులకు ఈ ప్రస్తావన వింతగా దోపవచ్చును. ఐనను ఇందు మృగమును గూర్చి చెప్పవలసినది అత్యల్పము. ఉక్కునకును, సీసమునకును, గాలికిని గల పరస్పర సంబంధమే నేటి నా విషయము.

రైఫిలు గొట్టము లోపలి గాళ్లు తిన్నగా సాగక మెలిదిరిగి సాగును. ఆ మెలిక ఒక పూర్తి చుట్టు తిరుగుటకు ఎన్ని అంగుళముల దూరము పట్టునో దానిని ట్విస్టు అందురు. సెకనుకు మూడువేల అడుగుల వేగముతో వెడలు గుండు, పదియంగుళముల ట్విస్టుగల గొట్టమునుండి నిమిషమునకు 2,16,000 మారులు తనచుట్టు తాను భ్రమించుచు బయల్పడునని లెక్క వేసి చూచుకొన్ననాడు నేను కొంతసేపు ఆ కాగితమును నమ్మలేదు. అంత భ్రమణము ఏల యనగా, కొనదేలిన గుండునకు బరువు వెనుక ప్రక్కను కుదిరియుండుటచే, ఎదురుగాలి దాని ముక్కును తలక్రిందు చేయుటకు ఎల్లపుడు యత్నించుచుండును. బొంగరమునకు వేగము చాలనప్పుడు తూలినట్లే, చాలినంత భ్రమణము లేని గుండు తూలి, అడ్డముగా తిరిగి, గురికాగితమున గుండ్రని రంధ్రమునకు మాఱుగా నిడుపాటి చీలికను చేయును.

ఎంత భ్రమణము చాలునను ప్రశ్నకు ఉత్తరము గుండు పొడవులో నున్నది. కాని గుండ్లపెట్టెమీద అచ్చువేసి యుండునది బరువు! వ్యాసము మాఱనప్పుడు బరువైన గుండు సాధారణముగా పొడవైనది కూడ అగుటచే ఈ రెండును ఒకటేయను భ్రాంతి వేటకాండ్రలో పాతుకొనిపోయినది. నూఱు గ్రెయినుల బరువుగల గుండు మొండిముక్కుతో నున్నచో పొట్టిది. అదే బరువు, సన్నని కొనయు, వెనుక పడవ అడుగువలె నూఱిన మడమయు గలదైనచో ఎంతో పొడవైనది. 1879లో ఇంగ్లండునందలి ఊలిచ్‌లో ఫిరంగిదళపు అధికారులకు గణితము బోధించుచుండిన ఆల్‌ఫ్రెడ్ జార్జి గ్రీన్‌హిల్ రచించిన సూత్రము నేటికిని మా బోటివారికి ఆధారము: గుండు వ్యాసమును దానితోనే హెచ్చించి, 150చే గుణించి, పొడవుచే భాగించిన వలసిన ట్విస్టు అంగుళములలో వచ్చును. సెకనుకు 2,800 అడుగులు మించిన వేగములకు 150కి బదులు 180ని వాడుదురు. సీసపు గుండ్ల సాంద్రత ఆ అంకెలోనే ఇమిడియుండుటచే, బరువు అను మాట ఆ సూత్రమున ఎచ్చటను కానరాదు.

ఈ చిన్న లెక్క ఒక మహాసంస్థను ఎట్లు కంగుతినిపించెనో 1955 నాటి కథ చెప్పును. ఆ సంవత్సరమున విన్‌చెస్టర్ సంస్థ .243 అను తూటాను, రెమింగ్టన్ సంస్థ .244 అను తూటాను విపణికి తెచ్చెను. పేర్లు వేఱైనను రెంటిలోని గుండు వ్యాసము ఒక్కటే, 0.243 అంగుళము, మందు పట్టుటలో రెమింగ్టన్‌దే కొంచెము పైచేయి. విన్‌చెస్టర్ వారు పదియంగుళముల ట్విస్టుతో 80, 100 గ్రెయినుల గుండ్లను, రెమింగ్టన్ వారు పండ్రెండంగుళముల ట్విస్టుతో 75, 90 గ్రెయినుల గుండ్లను ఇచ్చిరి. పొలములు త్రవ్వి పాడుచేయు చిన్నజంతువులను దూరమునుండి కొట్టువారికి తేలిక గుండు కావలెను. అట్టి గుండును అవసరమునకు మించి త్రిప్పినచో దాని కూర్పునందలి స్వల్ప లోపములు పెద్దవగును, పలుచని రాగి తొడుగు ఆకాశముననే పగిలిపోవుటయు కలదు. కావున రెమింగ్టన్ వారి ఆలోచన శాస్త్రసమ్మతమే. కాని సామాన్య వేటకాడు ఒక్క తుపాకితోనే వేసవిలో చిన్నజంతువును, శరత్తులో జింకను కొట్టదలచెను. జింకకు నూఱు గ్రెయినులు వలయునని వాని విశ్వాసము. గ్రీన్‌హిల్ లెక్క ప్రకారము, 180 అను అంకెతో చూచినను, అంగుళము పొడవుగల ఈ వ్యాసపు గుండునకు సుమారు పదిన్నర అంగుళముల ట్విస్టు కావలెను. పండ్రెండంగుళముల గొట్టము 0.89 అంగుళమునకు లోబడిన గుండుతోనే తృప్తిపడును. కొనదేలిన నూఱు గ్రెయినుల గుండు ఆ హద్దును దాటిపోవును. జనులు .243ను వరించిరి. రెమింగ్టన్ వారు పిమ్మట తొమ్మిదంగుళముల ట్విస్టునకు మాఱి, 1963లో అదే తూటాకు 6 మి.మీ. రెమింగ్టన్ అని పేరు మార్చిరి. పోయిన విపణి మాత్రము తిరిగి రాలేదు.

ఇందొక విచిత్రమున్నది. ఆ .244కు మూలపురుషుడు 7×57 మౌజర్ తూటా. కుమావూను కొండలలో ప్రసిద్ధ వేటకాడు జిమ్ కార్బెట్ మోసిన .275 రిగ్‌బీ తుపాకి పేల్చినది ఆ తూటానే. మౌజర్ వారు తమ తొలినాటి 173 గ్రెయినుల నిడుపాటి గుండును దృష్టియందుంచుకొని 220 మిల్లీమీటర్లకు, అనగా తొమ్మిదంగుళములకును లోపుగానే, ఒక చుట్టు పెట్టిరి. తాత ఎఱిగిన సంగతిని మనుమడు మఱచెను. అయినను నా అభిప్రాయము అడిగినచో, నాటి వేటకాడు ఆ తుపాకికి అన్యాయమే చేసెనందును: తొంబది గ్రెయినుల గుండుతో అది జింకకు చాలినదే, మొండిముక్కు గుండు దొరకినచో నూఱు గ్రెయినులును ఒక్కొక్క గొట్టమున చక్కగా కుదురును. చేతితో తూటా కట్టుకొనువానికి గల ప్రయోజనము ఇదియే గదా. గొట్టము మార్చుట కష్టము, గుండు మార్చుట సులభము.

హద్దున నున్న గొట్టము, గుండుల జోడికి ఋతువు కూడ శత్రువగును. చల్లని గాలి దట్టమైనది. దట్టమైన గాలి గుండును ఎక్కువగా తూల్చును. ఎం-16 రైఫిలునకు మొదట నుండిన పదునాలుగంగుళముల ట్విస్టు అతిశీతలమున చాలకపోవుటచేతనే దానిని పండ్రెండునకు మార్చిరి. కావున ఆగస్టులో నేలమీద కూర్చుండి సరిచూచుకొన్న తూటాను నవంబరు మంచులో గుడ్డిగా నమ్మరాదు. వలసినదానికంటె కొంచెము వేగమైన, అనగా తక్కువ అంగుళముల, ట్విస్టుతో నష్టము అల్పము, వెలితితో నష్టము మిక్కుటము.

ఇటీవల ఈ లెక్క మఱల అందఱి నోటను వినబడుటకు కారణము రాబందు. సీసపు తునుకలున్న కళేబరములను తిని కాలిఫోర్నియా కాండోరులు విషగ్రస్తములగుటచే, ఆ రాష్ట్రమున 2019 జూలై 1 నుండి వేటకు సీసపు తూటా పూర్తిగా నిషిద్ధమైనది. రాగి సీసముకంటె తేలిక. కావున అదే వ్యాసమున, అదే బరువున రాగిగుండు మఱింత పొడవగును. తాత కాలపు తుపాకి పట్టుకొని బరువునుబట్టి రాగిగుండు కొన్నవాడు, నిన్నటిదాక ఒకచోట పడిన గుండ్లు నేడు చెల్లాచెదరగుటకు కారణము తెలియక దూరదర్శినిని నిందించుచుండును. వానికి నేను చెప్పునది ఒకటే: అదివఱకటికంటె తక్కువ బరువుగల గుండు కొనుము, పొడవు సరిపోవును.

పాత తుపాకి గొట్టముమీద ట్విస్టు వ్రాసియుండుట అరుదు. దానిని తెలిసికొనుటకు, తుపాకి ఖాళీయని రెండుమారులు చూచుకొని, శుభ్రపఱచు కడ్డీకి బిగువైన గుడ్డ చుట్టి లోనికి త్రోసి, కడ్డీమీద ఒక గీత పెట్టి, ఆ గీత పూర్తి చుట్టు తిరిగి వచ్చువఱకు ఎంత దూరము సాగినదో కొలువవలెను. కడ్డీ పిడి బేరింగులపై నునుపుగా తిరుగునదై యుండవలెను. కానిచో గుడ్డ గాళ్లను విడిచి జారి, దొంగలెక్క చెప్పును.