వాముకు గడువెన్నాళ్లు?

నెల్లూరు చేపల పులుసు వండిన రోజు కంటే మర్నాడే రుచి. చింతపండు, పచ్చి మామిడికాయ, మిరపకారం రాత్రంతా దాకలో నాని ముక్కలోకి దిగితేగానీ మా ఇంట్లో దాన్ని పులుసుగా లెక్కగట్టరు. అలా కడుపారా తిన్న మధ్యాహ్నం గుండెల్లో కాస్త మండితే మా అమ్మ వాము, ఉప్పు నలిపి అరచేతిలో పోసేది. నమిలి మింగి, వేణ్ణీళ్లు తాగి, గట్టిగా ఒక తేన్పు తేన్చితే వైద్యం అయిపోయినట్టే. ఇప్పటికీ నేను చేసేది అదే. వాము మీద నాకు ఫిర్యాదేమీ లేదు, దాన్ని ఎన్నాళ్లు నమలాలన్నదే పేచీ.

మైపాడు పక్కన మా పెదనాయన రొయ్యల గుంటలకు కాపలా ఉండేవాడు. రాత్రంతా ఏరియేటర్ల మోత, టీ, బీడీ. అన్నానికి వేళంటూ లేదు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో ఒక బిళ్ల కొనేవాడు. అది వేసుకుంటే కడుపులో మంట పుట్టేది, దానికి పరగడుపున ఇంకో బిళ్ల. రెండింటికీ చీటీ లేదు. ఈయన సైకిల్ దిగకముందే షాపు కుర్రాడు మాత్రలు కత్తిరించి పెట్టేవాడు. ఏడాదిన్నర అట్లాగే గడిచింది. ఎవరడిగినా ఒకటే మాట: "గ్యాసులేరా అబ్బయ్యా."

మొదట పసిగట్టింది మా పెద్దమ్మ. "మొలతాడు జారిపోతా ఉండాది చూడరా" అంది నాతో. నేను నవ్వాను. గుంటల గట్టు మీద తిరిగే మనిషి, ఎండకు కరిగాడులే అనుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. ఆయన దాచిన సంగతి ఇంకొకటుంది. ఇరవై రోజులుగా విరేచనం తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో పోతోంది. పెళ్లాంతో కూడా చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది? ఒక తెల్లవారుజామున గట్టు మీద కళ్లు తిరిగి పడిపోతే నెల్లూరు తీసుకుపోయాం. ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది. ఎండోస్కోపీలో పుండు కనబడింది. నొప్పి బిళ్లలు జీర్ణాశయం లోపలి పొరకున్న రక్షణను తగ్గిస్తే, హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి మిగతా పని పూర్తిచేసింది.

ఈ సూక్ష్మజీవి కథ చెప్పకుండా ముందుకు పోలేను. పుండుకు కారమూ, దిగులూ కారణమని వైద్యులు గట్టిగా నమ్మిన రోజుల్లో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు 1984లో దాన్ని పెంచిన ద్రవాన్ని తానే తాగేశాడు. రోజుల వ్యవధిలో వాంతులు పట్టుకుని, జీర్ణాశయం వాచింది. ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ ఇచ్చారు. అంటే మన పులుసు మీద ఏళ్లపాటు పడిన నింద చాలామటుకు ఎవరో చేసిన నేరానికి పడిందన్నమాట. మా పెదనాయనకు రెండు వారాల మందుల కోర్సుతో ఆ పురుగు పోయింది. నొప్పి బిళ్లలు డాక్టరే మాన్పించాడు.

గ్యాసు బిళ్ల చెడ్డదని నేననను. ఆమ్లాన్ని తగ్గించడంలో దానికి తిరుగులేదు, చిక్కంతా అక్కడే ఉంది. పుండు మంటనూ చల్లారుస్తుంది, ఒక్కోసారి క్యాన్సర్ తొలి బాధనూ కొన్నాళ్లు కప్పేస్తుంది. అందుకే నయమైందనుకుని మోసపోతాం. మన "గ్యాసు" అనే మాటా అంతే. పుల్లతేన్పులు, ఉబ్బరం, పిత్తాశయంలో రాళ్లు, చివరికి గుండెపోటు కూడా ఆ ఒక్క మాట కింద దాక్కుంటాయి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతుంటే సోడా కోసం ఎవర్నీ పంపకండి, 108కి ఫోన్ చేయండి.

మిగతా వాటికి నేను పెట్టుకున్న లెక్క చెబుతాను. వాముకైనా, కొన్న బిళ్లకైనా రెండు వారాలు. ఆ తర్వాతా మంట, ఉబ్బరం, విరేచనాల తేడా పోకపోతే, పోయినట్టే పోయి మళ్లీ మళ్లీ వస్తుంటే, డాక్టరు దగ్గరికే. ఆ రెండు వారాలు కూడా ఆగకూడనివి ఉన్నాయి. ముద్ద గొంతు దిగక అడ్డుపడటం, వాంతిలో రక్తమో కాఫీపొడి లాంటి నలుపో, తారు లాంటి విరేచనం, కళ్లు పచ్చబడటం, తగ్గని వాంతులు. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకూ విరేచనం నల్లగా పోతుంది, ఆ సంగతి డాక్టరుకు చెబితే తేల్చేది ఆయనే. 60 కిలోల మనిషి ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల్లోనో, ఏడాదిలోనో 3 కిలోలు తగ్గినా అనుమానించాల్సిందే. యాభై దాటాక విరేచనాల తీరు కొత్తగా మారినా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా వయసు మీద నెట్టేయకూడదు.

ఎందుకు పోరు మనవాళ్లు? నెల్లూరికి పోతే ఒక రోజు కూలి పోతుంది, అది నిజం. దానికంటే పెద్ద కారణం, "చూపిస్తే ఏదో ఒకటి బయటపడుద్ది" అన్న భయం. ఎండోస్కోపీ అంటే మా పెదనాయన కత్తిపోటంత ఊహించుకున్నాడు. రాత్రి నుంచి ఏమీ తినకుండా పోతే, గొట్టం లోపలున్నది పది నిమిషాలు కూడా లేదు. బయటికొచ్చి ఆయన అడిగిన మొదటి ప్రశ్న పులుసు ఎప్పుడు తినొచ్చని.

ఇప్పుడు తింటున్నాడు, రెండో రోజుదే. వాము డబ్బా పక్కన గోడకు క్యాలెండర్ తగిలించింది మా వదిన. మంట మొదలైన రోజున పెన్నుతో సున్నా చుడుతుంది. మీ ఇంట్లో ఎవరి మొలతాడైనా, ఎవరి జాకెట్టైనా ఈమధ్య ఊరికే వదులైతే, నాలా నవ్వకండి. రేపు పొద్దున్నే ఓపీ చీటీ రాయించండి.