ఉచితమైనంత మాత్రమున ఇంటింటికి చేరునా?

కంప్యూటరు చేయు పనులన్నిటికి ఆధారమైన ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మీట నొక్కగనే తెరపై అక్షరము కనిపించుట, ఫైలు డిస్కులో చేరుట, ప్రింటరునకు ఆజ్ఞ అందుట దీని వలననే జరుగుచున్నవి. ఇట్టి వానిలో లినక్స్ ఒకటి. దీనిని వెల యీయకయే పొందవచ్చును; దీని సోర్స్ కోడ్‌ను చదివి, మార్చి, పదిమందికి పంచవచ్చును. త్వరలో ఇది ప్రతి ఇంటి కంప్యూటరులోను చేరునని దీని అభిమానులు ఇరువది యేండ్లకు పైగా చెప్పుచున్నారు. ఇది నిపుణులకే గాని సామాన్యులకు పనికిరాదని ఇతరులు వాదించుచున్నారు. ఈ రెండు వాదములును పరీక్షకు నిలువవు.

మొదట రెండవ వాదమును చూతము. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను స్వేచ్ఛా వ్యవస్థ నిర్మాణమును ప్రకటించెను. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను వెలువరించెను. ఈ రెండును కలిసి పూర్తి వ్యవస్థ యైనది. ప్రపంచమున మిక్కిలి వేగముగల 500 కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నాటికి అన్నియు లినక్స్‌తో నడచునవే. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనునకు ఆధారము ఆ కెర్నెలే. సామాన్యులు దానిని తెలియకయే వాడుచున్నారు గదా! కావున లోపము శక్తిలో లేదు. ఐనను బల్లమీది కంప్యూటర్లలో దాని భాగము ఇటీవలి గణనలలో నూటికి నాలుగైదు మాత్రమే.

ఇక అభిమానుల వాదము. వెల లేనిది తప్పక వ్యాపించునని వారి నమ్మకము. కాని కంప్యూటరు కొనువాడు విండోస్‌కు వేరుగ వెల చెల్లించుట అరుదు; అది యంత్రపు ధరలోనే కలిసిపోవును. ఎంపిక కర్మాగారములోనే జరిగిపోవుచున్నది. 2007లో ఆసుస్ సంస్థ ఈ-పీసీ అను చిన్న కంప్యూటరును లినక్స్‌తో అమ్మగా జనులు ఆదరించిరి. పిదప మైక్రోసాఫ్ట్ అట్టి చిన్న యంత్రములకు పాత విండోస్ ఎక్స్‌పీని చౌకగా అందింపగా, కొలది కాలములోనే వానిలో అధికభాగము విండోస్ వశమైనది. వెల ఒక్కటే బలమైనచో ఎదుటివాడు వెల తగ్గించిననాడు ఆ బలము పోవును.

రెండవ బంధము ఫైళ్లది, అలవాటుది. మన అచ్చుకూటములలోను, డీటీపీ దుకాణములలోను ఏండ్ల తరబడి అనూ ఫాంట్లతో తెలుగు కూర్చినారు. ఆ ఫాంటు లేని యంత్రములో ఆ ఫైలు తెరచిన తెలుగునకు బదులు అర్థములేని గుర్తులు కనిపించును. యూనికోడ్‌లో కూర్చిన తెలుగునకు ఈ చిక్కు లేదు. దానిని విండోస్‌లోను, లినక్స్‌లోను ఒకే రీతిగ చదువవచ్చును. దీనిని బట్టి, మనలను కట్టివేయునది ఆపరేటింగ్ సిస్టమ్ కన్న దానిచుట్టు పెరిగిన పనిముట్లే యని తెలియును.

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కు మారుటకు నిశ్చయించి, 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లను మార్చెను. కాని ఇతర కార్యాలయములతో పత్రముల మార్పిడిలో చిక్కులు కలిగినవి. ఉద్యోగులు ఫిర్యాదులు చేసిరి. 2017లో నగరసభ తిరిగి విండోస్‌కే పోవ నిశ్చయించెను. ఊరంతయు ఒక భాష మాటలాడుచుండ ఒక్క ఇల్లు వేరొక భాషలో వ్యవహరించుట వంటిది ఆ ప్రయత్నము.

కేరళ పాఠశాలల అనుభవము వేరు. 2001లో ప్రారంభమైన ఐటీ@స్కూల్ పథకము క్రమముగ లినక్స్‌ను స్వీకరించెను. అచట పాఠ్యపుస్తకమును, ఉపాధ్యాయుల శిక్షణను, పరీక్షను, మలయాళ లిపి సౌకర్యమును ఒకదానికొకటి పొందించిరి. ఏ ఒక్కటి లోపించినను మిగిలినవి నిష్ఫలమగును. ఐతే బడి విడిచిన విద్యార్థికి కార్యాలయములో ఎదురగునది తరచు విండోసే. కావున ఇది పూర్తి విజయమని చెప్పజాలము. మార్గమును చూపిన విజయమని మాత్రము చెప్పవచ్చును.

ఇంతకు లినక్స్ ఇంటింటికి చేరునా? ఒక్కొక్కరిని ఒప్పించుటచేత చేరదు. యంత్రముతోపాటే వచ్చి, నేర్పువారును, బాగుచేయువారును దగ్గర నున్నచోట చేరగలదు. ఈ ప్రశ్న మన పాఠశాలలకు దూరమైనది కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత రక్షణ సవరణలు సాధారణముగ ముగిసినవి. విండోస్ 11 కోరు అర్హతలు పాత యంత్రములు అనేకమునకు లేవు. అట్టి యంత్రమును మూలకు నెట్టకముందు, పెన్‌డ్రైవ్ నుండి లినక్స్‌ను నడిపి చూడవచ్చును. డిస్కులోని విండోస్‌ను తాకనక్కరలేదు.

అంతకన్న ముఖ్యమైనది బోధనారీతి. ఒక కంపెనీ ప్రోగ్రాములో ఏ బొమ్మను నొక్కవలెనో కంఠస్థము చేసిన విద్యార్థి, ఆ బొమ్మ స్థానము మారిననాడు దిక్కుతోచక నిలుచును. ఫైలు అన నేమి, మెమరీ ఎట్లు పంచబడును, అక్షరము సంఖ్యగ ఎట్లు నిలువయగును అని తెలిసినవాడు ఏ యంత్రము ముందైనను కూర్చుండగలడు. లినక్స్ గెలిచినను, ఓడినను, ఈ విద్యార్థికి నష్టము లేదు.