ఇంటి మాటకు కొలత

మాటతో మొదలయ్యే మతిమరుపు జబ్బు ఒకటుందని మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామందికి తెలియదు. మనిషికి ఊరి దారులు తెలుసు, మనవల మొహాలు గుర్తున్నాయి, పొయ్యి మీద ఏముందో తెలుసు. మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు ముందు పక్షవాతమేమో అని భయపడతారు, ఆ తర్వాత వయసు మీద పడిందిలే అని ఊరుకుంటారు. నిజానికి ఇది చాలామందికి అరవై అయిదు దాటకముందే మొదలవుతుంది.

అమెరికా వైద్యుడు మార్సెల్ మెసులం 1982లో ఆరుగురు రోగుల సంగతి రాసి, ఇది వేరే జబ్బని చూపించాడు. ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా అన్న పేరు తర్వాత స్థిరపడింది. 2011లో పరిశోధకులు దీన్ని మూడు రకాలుగా విడదీశారు. ఒకదాంట్లో మాటల అర్థమే జారిపోతుంది. ఇంకోదాంట్లో వాక్యం కట్టడం, పలకడం కష్టమవుతాయి. మూడోదాంట్లో తెలిసిన మాటే దొరక్క వెతుక్కోవాల్సి వస్తుంది. జబ్బును ఆపే మందు లేదు. ఉన్నది స్పీచ్ థెరపీ. అది పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలో చెప్పేదే నా చేతిలో ఉన్న ఈ పుస్తకం.

ప్రశ్న చిన్నదే గాని చిక్కైనది. పక్షవాతంలో మాట పోయినవాళ్లలో చాలామందికి కొన్నాళ్లకు కొంతైనా తిరిగొస్తుంది, మార్కులు పెరుగుతాయి. ఇక్కడ ఎంత శ్రద్ధగా చికిత్స చేసినా ఏడాది తిరిగేసరికి మార్కులు తగ్గుతాయి. అందుకని చికిత్స దండగ అనెయ్యవచ్చా? రచయిత్రి ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. రోగికి రోజూ పనికొచ్చే మాటల్లో కొన్నిటిని సాధన చేయించి, అంతే కష్టమైన మరికొన్నిటిని అలాగే వదిలేయమంటుంది. కొన్ని నెలల తర్వాత వదిలేసినవి జారిపోయి, సాధన చేసినవి నిలబడితే చికిత్స పనిచేసినట్టే. పడిపోయే జబ్బులో నిలబడటం కూడా లాభమే. ఈ మాట ఇంట్లోవాళ్లకు మొదటి రోజే చెప్పాలని ఆమె పట్టుబట్టింది. చెప్పకపోతే వాళ్లు రెండో నెలకే రావడం మానేస్తారు.

కొలిచే పరికరం మనదై ఉండాలన్నది రెండో విషయం. బోస్టన్ నేమింగ్ టెస్టులో అరవై బొమ్మలుంటాయి, వాటిలో మంచుగడ్డలతో కట్టే ఇల్లు, ఇగ్లూ, ఒకటి. మా అక్కకు ఈ జబ్బు వచ్చిన కొత్తలో ఒక ఆసుపత్రిలో ఆ బొమ్మే చూపించి పేరడిగారు. నెల్లిమర్ల దాటి ఎరగని మనిషి ఏం చెబుతుంది? మాట పోయినట్టు రాసుకున్నారు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం జ్ఞాపకాన్నీ మాటనూ కొలిచే ఆడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగువాళ్లకు తగ్గట్టు మార్చింది. 648 మంది మతిమరుపు రోగులను చూసి, రెండు భాషలు వచ్చినవాళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని ఆ బృందమే 2013లో ప్రకటించింది. చదువురాని వాళ్లలోనూ అలాంటి తేడానే కనిపించింది. బడి చదువు లేనంత మాత్రాన ఆ మనిషి భాషను తక్కువగా లెక్కకట్టకూడదన్న ఎరుక ఈ పుస్తకంలో మొదటి పేజీ నుంచీ ఉంది.

మన యాస విషయంలో ఆమె ఇంకా గట్టిగా నిలబడింది. ‘నానెల్తాను’ అన్న ముసలాయన మాటను ఉచ్చారణ దోషం కింద రాసే పరీక్షకుడు జబ్బును కాదు, శ్రీకాకుళాన్ని కొలుస్తున్నాడు. వాడుక భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పుట్టిన గడ్డ మీద ఆ పొరపాటు జరగకూడదు. జబ్బు రాకముందు ఆయన ఎలా మాట్లాడేవాడో ఇంట్లోవాళ్లను అడిగి, దానితో పోల్చి చూడమంటుంది రచయిత్రి.

పుస్తకంలో నేను మళ్లీ మళ్లీ చదివిన భాగం పొందూరు వైపు నూలు వడికిన ఒక పెద్దావిడది. పొందూరు ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ ఎముకను చేతికిచ్చి “ఇదేటమ్మా?” అని అడిగితే ఆవిడ “అదే... సేప... దూదికి...” అని ఆగిపోయింది. తర్వాత పక్కనున్న పత్తిని ఎడమచేత్తో పట్టుకుని, ఆ సన్నటి పళ్లతో పీచును పొరలు పొరలుగా దువ్వి చూపించింది. పేరు చెప్పే పరీక్షలో ఆవిడకు సున్నా. రచయిత్రి కాగితంలో మాత్రం రెండు గడులున్నాయి: మాట వచ్చిందా, సంగతి చేరిందా? రెండో గడిలో నిండు మార్కు పడింది.

లండన్‌లో ఆనా వోల్క్‌మర్, ఆమె సహచరులు చేస్తున్న పనీ ఈ దారిలోదే. వాళ్లు రోగితో పాటు ఇంటి మనిషికీ శిక్షణ ఇస్తారు, ఇద్దరి సంభాషణను ముందూ తర్వాతా వీడియో తీసి చూస్తారు. మన రచయిత్రి ఆ పద్ధతిని వంటింటి గడప దాకా తెచ్చింది. పది నిమిషాల మాటల్లో కోడలు ఎన్నిసార్లు “చెప్పత్తా, దీని పేరేటి?” అని పరీక్ష పెట్టింది, ఎన్నిసార్లు మాట అందుకుని తనే పూర్తి చేసింది, అత్త ఎన్నిసార్లు తనంతట తాను కబురు ఎత్తుకుంది అని లెక్కపెట్టమంటుంది. లక్ష్యం కూడా ఆ ఇంటివాళ్లే పెట్టుకోవాలి. సూరత్‌లో ఉన్న కొడుకుతో ఫోనులో, ఎవరూ అందివ్వకుండా అయిదు నిమిషాలు మాట్లాడటం లక్ష్యమైతే, అంతవరకు వస్తే సున్నా, దాటితే ఒకటీ రెండూ, తగ్గితే మైనస్ ఒకటీ రెండూ. 1968లో కిరెసుక్, షెర్మన్ అనే ఇద్దరు మానసిక వైద్యం కోసం తయారుచేసిన కొలత ఇది. మన పల్లెటూరి ఇంటికి ఇంత బాగా అమరుతుందని నేననుకోలేదు.

ఒక లోటు చెప్పాలి. ఇచ్ఛాపురం వైపు ఇళ్లలో ఒడియా, తెలుగు కలిసే నడుస్తాయి. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట కొండల్లో సవర మాట్లాడతారు. వాళ్లకు ఈ పుస్తకంలో రెండు పేజీలే దక్కాయి. ఏ భాష ముందు జారుతోందో, ఇంట్లో ఏ భాషలో చికిత్స చెయ్యాలో ఇంకా వివరంగా రాయాలి. సవర పెద్దల పక్కన కూర్చుని, వాళ్ల చేతి వస్తువులతో, వాళ్ల మాటల్లో బొమ్మల జాబితా తయారుచెయ్యమని రచయిత్రిని అడిగాను. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడతానంది.