కోతల కార్డులు

తెలుగులో కోత అన్నది చిత్రమైన మాట. చేలో పండినదాన్ని కొడవలి పెట్టి కోస్తే అది కోత. పండనిదాన్ని నోటితో పండిస్తే అదీ కోతే. మొదటి కోత కోసేవాణ్ణి రైతు అనో కూలీ అనో అంటాం. రెండో కోత కోసేవాణ్ణి కోతలరాయుడంటాం. ఈ రెండు కోతలూ ఒకే చేలో నిలబడి కోస్తే ఎలా వుంటుందో తెలియాలంటే అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రపు పాత పోస్టుకార్డులు చూడాలి.

వాటి నకళ్లు కొన్ని, ఆ రాష్ట్రంలో చదువుకుని వచ్చిన మా మేనల్లుడి దగ్గర ఈ మధ్య చూశాను. ఒక కార్డులో గుర్రాల బండి వుంది. బండి నిండా మొక్కజొన్న కండెలు. నిండా అంటే వందలూ వేలూ కాదు, నాలుగైదే. ఒక్కొక్కటి తాటిమొద్దంత వుంది. ఇంకొక కార్డులో మనిషిని మించిన బాతులను ఒక రైతు సంతకు తోలుకుపోతున్నాడు. మరొకదానిలో ఒక మనిషి కుందేలు మీద స్వారీ చేస్తున్నాడు. ఇవి చేత్తో గీసిన బొమ్మలు కావు, ఫొటోలు. అదే వాటిలోని తమాషా.

చూసి నేను నవ్వాను. వరి కోసిన మాగాణిలో ఏటా మొక్కజొన్న వేసే మా చిన్నాన్న కూడా అక్కడే వున్నాడు. ఆయన నాకంటె ఎక్కువ నవ్వాడు. నవ్వు ఆగిన తర్వాత కార్డును వెనక్కి తిప్పి చూసి, "బాగానే వుందిరా అబ్బాయ్. ఇంతింత కండెలు వూరందరికీ కాస్తే క్వింటాలు ఎంతకడిగారో వ్రాశారా దీనిమీద?" అన్నాడు.

వ్రాయలేదు. ఆ వ్రాయకపోవడం గురించే ఈ వ్యాసం.

ముందు ఈ కార్డుల పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకోవాలి. 1898లో అమెరికా చట్టసభ ప్రైవేటువాళ్లు అచ్చువేసిన కార్డులను కూడా ఒక సెంటు తపాలా బిళ్లతో పంపుకోవచ్చునని చట్టం చేసింది. 1907లో కార్డు వెనుక భాగాన్ని రెండుగా విభజించి, ఒకవైపు చిరునామా, మరొకవైపు సమాచారం వ్రాసుకోవడానికి అనుమతించారు. దానితో ముందువైపంతా బొమ్మకే దక్కింది. అప్పటికే పల్లెల్లో ఇంటింటికీ ఉచితంగా ఉత్తరాలు చేర్చే ఏర్పాటు స్థిరపడింది. 1908 జూన్‌తో ముగిసిన ఒక్క ఏడాదిలో ఆ దేశంలో 67 కోట్లకు పైగా పోస్టుకార్డులు నడిచాయి. దేశ జనాభా అప్పటికి 9 కోట్లు నిండలేదు.

ఆ రోజుల్లో కాన్సాస్‌లోని ఆటవా అనే చిన్న పట్నంలో విలియం మార్టిన్ అనే ఫొటోగ్రాఫరుండేవాడు. అతను పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఫొటోలు తీస్తూ, 1908 ప్రాంతంలో ఈ మాయ మొదలుపెట్టాడు. ఒక బండిని ఫొటో తీసేవాడు. ఒక కండెను దగ్గరగా పెట్టి మరో ఫొటో తీసేవాడు. రెండోదాన్ని పెద్దది చేసి, కత్తెరతో కత్తిరించి, మొదటిదాని మీద అతికి, ఆ అతుకుల బొమ్మను మళ్లీ ఫొటో తీసేవాడు. పెట్టుబడల్లా కత్తెర, జిగురు, ఓపిక. ఏడాది తిరిగేసరికి దానికోసం ఒక కంపెనీయే పెట్టాడు. 1912లో దాన్ని అమ్మేసి వేరే వ్యాపారంలోకి వెళ్లిపోయాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాపన్‌లో ఆల్ఫ్రెడ్ జాన్సన్ కూడా ఇలాంటివే చేశాడు. అడుగున వుండే వూరి పేరును మార్చి ఒకే బొమ్మను పలుచోట్ల అమ్మడం ఈ వ్యాపారంలో మామూలు. వూరు మారుతుంది, కండె మారదు.

ఈ కార్డుల గురించి ఎవరినడిగినా రెండు రకాల జవాబులు వస్తాయి. "నవ్వుకోవడానికి చేసినవి, నవ్వుకుని వూరుకోక విమర్శ దేనికి?" అనేది మొదటిది. మన వైపు మిత్రులనడిగితే రెండోది వస్తుంది: "ఇది భూముల వ్యాపారుల అబద్ధం. రైతు దుస్థితిని కప్పిపుచ్చే ప్రచారం." మొదటి జవాబు బద్ధకం వల్ల వచ్చింది. రెండోది తొందరపాటు వల్ల వచ్చింది. అయితే రెండోదానిలో కొంత నిజం లేకపోలేదు. అదేమిటో ముందు చూద్దాం.

మార్టిన్ కంటె నలభై ఏళ్ల ముందు, 1869లో, టొపీకా పట్నంలో వుండే హెన్రీ వరల్ అనే చిత్రకారుడు ఒక బొమ్మ వేశాడు. కాన్సాస్ అంటే కరువు నేల అని తూర్పు రాష్ట్రాలవాళ్లు ఎగతాళి చేస్తుంటే, దానికి జవాబుగా "కరువు కాన్సాస్" అని పేరు పెట్టి, మనుషులను మించిన పంటలూ, ఆకాశాన కురిసే వానా చిత్రించాడు. అది ఎగతాళికి ఎదురు ఎగతాళి. వూళ్లోవాళ్లు నవ్వుకున్నారు. కాని ఆ బొమ్మ వూళ్లోనే వుండిపోలేదు. రైలు కంపెనీల చేతిలో ప్రభుత్వం దానమిచ్చిన లక్షలాది ఎకరాలున్నాయి. వాటిని కొనేవాళ్లు కావాలి. కొన్నవాళ్లు పండించి అదే రైలు మీద కిరాయి ఇచ్చి పంపాలి. వలసలను పిలిచేవాళ్లు ఆ బొమ్మను అందిపుచ్చుకున్నారు. వూళ్లో హాస్యంగా వున్నది పరాయి వూళ్లో హామీ అయిపోయింది.

1874 వేసవిలో రాకీ పర్వతాల మిడతల దండు కాన్సాస్ మీద దిగింది. పైరే కాదు, నేలలో వున్న ఉల్లిగడ్డలను తొలుచుకు తిన్నాయి. చెమట పట్టిన పనిముట్ల పిడులను కూడా కొరికాయి. ఆ ఏడాది ఆ బొమ్మను నమ్మి వచ్చి చెడిపోయామని వరల్‌ను తిట్టుకున్నవాళ్లున్నారు. అతిశయోక్తి ఎవరి నోట వుంది, ఎవరు విన్నారు, ఆ నష్టం ఎవరు భరించారు అన్న మూడు ప్రశ్నలు అడగకుండా హాస్యానికి విలువ కట్టలేమనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కర్లేదు. మన ఆలంకారికులు అతిశయోక్తికి లక్షణం చెప్పారు, భేదాలు చెప్పారు. ఆ అతిశయోక్తికి రాజు ఇచ్చిన అగ్రహారం ఎవరి పొలంలోంచి వచ్చిందో మాత్రం అలంకారశాస్త్రం చెప్పదు. అది మనం చెప్పుకోవలసిందే.

అయితే మార్టిన్ కార్డులు కూడా వరల్ బొమ్మ వంటివేనా? కాదని నా అభిప్రాయం. మధ్యలో గడిచిన నలభై ఏళ్లలో కాన్సాస్ రైతు చాలా నేర్చుకున్నాడు. 1889-90 చలికాలంలో పంట విరగపండి ధర ఎంత పడిపోయిందంటే, బొగ్గు కొనేకంటె మొక్కజొన్న కండెలు పొయ్యిలో పెట్టుకోవడమే చవక అయింది. భూములు తాకట్టులో వున్నాయి, వేలాలు మొదలయ్యాయి. 1890లో పీపుల్స్ పార్టీ పేరుతో రైతులు నిలబడి రాష్ట్ర శాసనసభలో దిగువసభను గెలుచుకున్నారు. ఆ రోజుల్లో మేరీ ఎలిజబెత్ లీజ్ అనే వక్త వూరూరా తిరిగి మాట్లాడింది. మొక్కజొన్న తగ్గించండి, రభస పెంచండి అన్న అర్థం వచ్చే మాట ఆమె పేరున లోకంలో నిలిచిపోయింది. ఆ మాట తనది కాదనీ, విలేఖరులు కల్పించారనీ, అయినా సలహా మంచిదే గనుక వుండనిచ్చాననీ ఆమె అన్నట్లు చెబుతారు.

ఈ అనుభవం గడిచినవాడి చేతికి 1909లో తాటిమొద్దంత కండె వున్న కార్డు వచ్చింది. వాడు దాన్ని నమ్ముతాడా? నమ్మడానికి కాదు దాన్ని తయారుచేసింది. ఆ బొమ్మల్లోని మనుషుల ముఖాలు చూడండి. ఎవ్వడూ ఆశ్చర్యపడడు. ఇది మాకు రోజూ వున్న పనే అన్నట్లు కళ్లేలు పట్టుకుని కూర్చుంటారు. నవ్వకుండా నవ్వించడం పల్లెటూరి కోతలరాయుడి మొదటి సూత్రం. పైగా, ఫొటో అబద్ధమాడదని లోకం నమ్ముతున్న కాలమది. భూములమ్మేవాడి కరపత్రంలో పచ్చటి చేను చూసి మోసపోయినవాడు, ఆ అబద్ధాన్నే పదింతలు చేసి తన తమ్ముడికి ఒక సెంటు బిళ్ల అంటించి పంపుతున్నాడు. అబద్ధాన్ని దాచకుండా వీధిలో నిలబెట్టడమిది. ప్రచారాన్ని ఖండించలేదు, దాన్ని బరువు మోయలేనంతగా వుబ్బించి పగలగొట్టింది. అందుకే దీన్ని కేవలం వ్యాపారుల ప్రచారమనే మిత్రులతో నేను ఏకీభవించలేను.

అంతమాత్రాన నెత్తిన పెట్టుకుని వూరేగించనక్కర్లేదు. ఈ నవ్వుకు వెనుక కాస్త నిండిన కడుపు కూడా వుంది. 1909 నుంచి 1914 వరకు అమెరికా రైతుకు మంచి రోజులు. తర్వాత 1933లో ప్రభుత్వం వ్యవసాయ ధరలకు కొలబద్దగా తీసుకున్నది ఆ ఏళ్లనే. ధర బాగున్నప్పుడు మనిషి తనను చూసి తాను నవ్వుకోగలడు. పొయ్యిలో కండెలు కాలుతున్న చలికాలంలో ఈ కార్డులు పుట్టలేదన్నది గమనించాలి.

ఇక బొమ్మలో లేనిదాన్ని చూద్దాం. మార్టిన్ కత్తెర కండెను పెంచింది, కోసుగడ్డను పెంచింది, కోడిని పెంచింది, కుందేలును పెంచింది. బొమ్మలో పెరగనివాడు ఒక్కడే: రైతు. తాను పండించిన పంట పక్కన తానే చీమలా నిలబడతాడు. మార్టిన్ ఇది తెలిసి చేశాడని నేను అనను. కాని కళలో తెలియక బయటపడే నిజాలు తెలిసి చెప్పే నిజాలకు తీసిపోవు. ఉత్పత్తి పెరిగినకొద్దీ ఉత్పత్తిదారుడు చిన్నవాడైపోవడమనే ఆర్థిక సత్యాన్ని ఒక పట్నపు ఫొటోగ్రాఫరు జిగురుతో అతికించి చూపాడు.

లేనివాళ్లు ఇంకా వున్నారు. కాన్సాస్ అనే పేరు కాన్సా జాతి ప్రజలది. వాళ్లను 1873లో ఆ నేలమీదినుంచి ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. ఆటవా పట్నానికి పేరిచ్చిన ఆటవా జాతివాళ్లదీ అదే దారి. తాటిమొద్దంత కండె మొలిచిన నేల ఎవరిదన్న ప్రశ్న ఆ కార్డుల్లో ఎక్కడా మొలవదు. బండి తోలేవాడున్నాడు, బండికి ఎదురుగా వుండే ధాన్యపు గిడ్డంగి యజమాని, రైలు కిరాయి నిర్ణయించేవాడు, తాకట్టు పట్టినవాడు లేరు. కార్డు అందరికీ అమ్ముడుపోవలసిన సరుకు. ఎవరినీ నొప్పించకుండా నవ్వించాలి. ఆ హాస్యానికి హద్దు అక్కడ వుంది.

ఆ హద్దు ఇరవయ్యైదేళ్ల తర్వాత మరింత స్పష్టంగా కనబడింది. 1930లలో నైరుతి కాన్సాస్ ధూళిలో మునిగిపోయింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన దుమ్ముతుఫాను పట్టపగలు చీకటి చేసింది. ఆ ఏడాదే, ఆ ప్రాంతంలోనే వున్న గార్డెన్ సిటీలో ఫ్రాంక్ కొనార్డ్ అనే ఫొటోగ్రాఫరు మళ్లీ కత్తెర పట్టాడు. ఈసారి అతను పెంచింది కండెను కాదు, మిడతను. మనిషిని మించిన మిడతలు. వాటిని తుపాకులతో వేటాడేవాళ్లు, వాటితో కుస్తీ పట్టేవాళ్లు. ఒకప్పుడు కోరుకున్నదాన్ని పెంచి నవ్వినవాడు ఇప్పుడు భయపడేదాన్ని పెంచి నవ్వుతున్నాడు. నా దృష్టిలో ఈ నవ్వు మొదటిదానికంటె గొప్పది. కడుపు నిండినవాడి నవ్వు కాదది. పైరు పోయినవాడు శత్రువు కాలు పట్టుకుని లాగుతూ నవ్విన నవ్వు.

కాని శత్రువు మిడత ఒక్కటేనా? 1933లో ప్రభుత్వం, ధరలు నిలబెట్టడానికని, పత్తి చేలు దున్నించేసింది, 60 లక్షల పందులను కొని చంపించింది. ఆ మరుసటి ఏడు మొక్కజొన్న తక్కువ వేసినవారికి డబ్బిచ్చింది. పట్నాల్లో పనిలేనివాళ్లు రొట్టె కోసం బారులు తీరి నిలబడివుండగా జరిగిన పని ఇది. విరగపండడమే నేరమైపోయిన ఈ విడ్డూరం ముందు ఏ కోతల కార్డూ నిలవదు. మిడతను మనిషికంటె పెద్దది చేయగలిగిన కత్తెరకు, ఆకలిని పక్కన పెట్టుకుని ఆహారాన్ని నాశనం చేసే మార్కెట్టును కత్తిరించి అతికించడం చేతకాలేదు. వాస్తవమే అతిశయోక్తిని మించిపోయినప్పుడు హాస్యానికి కొత్త చూపు కావాలి. ఆ చూపు కొనార్డ్ దగ్గర లేదు. అది లేనందుకు అతణ్ణి తప్పు పట్టను. కాని లేదని చెప్పకపోతే నేను విమర్శకుణ్ణి కాను.

మన రచయితల్లో చాలామంది రైతును గురించి వ్రాసేటప్పుడు కన్నీరు తప్ప మరొక రసం తెలియనట్లు వ్రాస్తారు. రైతు ఏడుస్తాడు, నిజమే. కాని రైతు తనను గురించి తాను చెప్పుకునేటప్పుడు ఎంత నవ్విస్తాడో పల్లెల్లో పెరిగిన ప్రతివాడికీ తెలుసు. ఆ నవ్వును కాగితం మీదికి తేలేకపోవడం మన లోపం. కాన్సాస్ ఫొటోగ్రాఫర్లు దాన్ని సగం తేగలిగారు. పంటను పెంచి చూపారు, పురుగును పెంచి చూపారు. రెండింటి మధ్య ధర నిర్ణయించే చేతిని మాత్రం చూపలేదు.

ఆ మిగిలిన సగాన్ని మా చిన్నాన్న ఒక్క ప్రశ్నతో పూర్తిచేశాడు. మేనల్లుడు ఆ కార్డును ఆయనకే ఇచ్చేశాడు. ధాన్యం కాటా వేసే దుకాణంలో, వెనకటేటి ధరలు సుద్దముక్కతో వ్రాసివున్న పలక పక్కనే దాన్ని అంటించాడట. వచ్చినవాళ్లంతా ముందు కార్డు చూసి నవ్వుతారు, తర్వాత పలక చూస్తారు. కార్డు పూర్తయింది ఆ గోడమీదనే అని నా నమ్మకం.