వడిసెల విద్య

జొన్నకంకి పాలు పోసుకొని గట్టిపడు దినములలో, చిత్తూరు సీమ మెట్టచేల నడుమ మంచె యెక్కి, ప్రొద్దు పొడువకమునుపే పిట్టలకు కాపుండు రైతు చేతి వడిసెలను చూచి, అది రెండు త్రాళ్లును, నడుమ రాయి నిలుచు అల్లికయు మాత్రమే గదా యని తలంచువారు, అందు ఇమిడియున్న గణితమును ఎఱుంగనివారే. భుజబలమున్నచో రాయి దూరము పోవుననుట భ్రమ. దూరమును నిర్ణయించునవి రాతి యెన్నిక, త్రాటి నిడివి, విడుపు క్షణము.

ఈ విద్యకు ఈ సీమలో దైవసాక్ష్యమే కలదు. చిత్తూరునకు ఆగ్నేయమున నున్న వళ్లిమలపై కొఱ్ఱచేనికి కావలియుండి, వడిసెలతో చిలుకలను తోలిన వల్లిని సుబ్రహ్మణ్యుడు వలచి వచ్చెనని పురాణకథ. ఆ దంపతులు కొలువైన తిరుత్తణి 1960 వఱకు మన చిత్తూరు జిల్లాలోనిదే. ఒక పనిముట్టునకు ఇంతకంటె గౌరవము లేదని నా తలంపు.

మొదట రాయి. వంకనీటి యొరపిడికి నునుపెక్కి, పావురపు గ్రుడ్డంత పరిమాణమున నుండునది శ్రేష్ఠము. పిడికెడు బండను చేయి వడిగా త్రిప్పజాలదు. తేలికైన పెంకును గాలి యాపివేయును. పలుచని బిళ్ల దారి తప్పును. క్రీస్తుపూర్వము 401లో పారసీక దేశమునుండి మరలుచున్న గ్రీకు సేనలోని రోడ్సు ద్వీపవాసులు, చిన్న సీసపు గుండ్లతో, పెద్దరాళ్లు విసరు పారసీకులకంటె రెట్టింపు దూరము కొట్టిరని గ్రీకు చరిత్రకారుడు జెనొఫను వ్రాసెను. 1981లో అమెరికాలోని యూటా రాష్ట్రమున లారీ బ్రే 437 మీటర్లు విసరిన రాయియు గ్రుడ్డు ఆకారముదే, తూకము 52 గ్రాములే.

త్రాడు జనుమునారతోనో కిత్తనారతోనో పేనినదై, సాగనిదై యుండవలెను. నిడివి పెరిగినకొలది రాతివేగము పెరుగును, గుఱి తగ్గును. అందుచేతనే ప్రాచీనకాలమున మధ్యధరా సముద్రమందలి బలియారు దీవుల యోధులు దూరమునుబట్టి వాడుటకు మూడు వడిసెలలు వెంట నుంచుకొనెడివారు. వేగము విలువ ఎంతటిదనగా, గాలి యడ్డును విడిచి, మిక్కిలి దూరము పోవు కోణమున విసరినట్లు లెక్కించినచో, సెకనుకు 30 మీటర్ల వేగమున పోవు రాయి 92 మీటర్ల దూరమున పడును. 40 మీటర్ల వేగమున పోవునది 163 మీటర్లు దాటును.

ఇక విసురు. ఒక త్రాటి కొనయందలి ఉచ్చును నడిమివ్రేలికి తగిలించి, రెండవ కొనముడిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొక్కిపట్టి, ఎడమకాలు ముందునకు పెట్టి తలమీదుగా రెండు చుట్లు త్రిప్పిన చాలును. అంతకుమించిన చుట్లు చేయిని అలయించునే గాని వేగమును పెంచవు. కడపటి చుట్టులోనే బరువు వెనుకకాలినుండి ముందుకాలికి, నడుమునుండి భుజమునకు, భుజమునుండి మణికట్టునకు వరుసగా ప్రాకవలెను. చేయి ముందుగా తొందరపడెనా, నడుము శక్తి వృథా. వదలిన రాయి చక్రమును తాకి పోవు సరళరేఖవెంబడి పోవును గావున, అది లక్ష్యమునకెదురుగా వచ్చునందాక ఆగరాదు. పావుచుట్టు ముందే ముడిని విడువవలెను. ఎత్తు నలుబది డిగ్రీల చుట్టుప్రట్ల నుండవలెను. విడివడిన త్రాటికొన ఛెళ్లుమనును. పలుమారులు ఆ శబ్దమునకే పిట్టలగుంపు లేచిపోవును, రాయి యే పక్షికిని తగులనక్కరలేదు.

మీ యూరిలో వడిసెల త్రిప్పెడు తాత యింకను ఉన్నచో, ఈ పంటకాలముననే ఆయన ప్రక్క కూర్చుండి త్రాడు పేనుట నేర్చుకొనుడు. ఎదుట మనిషిగాని పశువుగాని లేని బీటిలో ఒక్క రాయి విసరి చూడుడు. ఆయన వడిసెల కొలతను వ్రాసి యుంచుడు.