మూల కాచువాడు

సంక్రాంతి వెళ్లిన మరునాడు మన్యములోని ముంచింగిపుట్టులో, కోత ముగిసిన చోడిపొలమున సున్నముతో గీతలు గీచికొని కుఱ్ఱవాండ్రు కబడ్డీ యాడుచుండగా, పొగమంచు విడిపోవునంతవఱకు గట్టుమీద నిలిచి చూచితిని. కూతకు వచ్చినవానిని పేరుపెట్టి పిలిచి జనమందఱు కేకలు వేయుచుండిరి. నా చూపు మాత్రము ఎడమమూలను వంగి నిలిచిన బక్కపలుచని బాలుని విడువలేదు. వాని కుడిచేయి ప్రక్కవాని మణికట్టును బిగించియుండెను. కన్నులు వచ్చినవాని ముఖము జోలికి పోక పాదమునే కనిపెట్టుచుండెను. ఆ పాదము ముందుకు సాగి, మడమ యించుక తేలినంతనే, బాలుడు నేలకఱచి రెండుచేతులతో చీలమండను పట్టెను, ప్రక్కవాడు నడుము నందుకొనెను, కూత తెగెను. మట్టి దులుపుకొని వాడు మరల తన మూలకే పోయి నిలిచెను. వాని పేరు నెవ్వరును పిలువలేదు.

2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైననాటినుండి తెలుగు టైటాన్స్‌ను మనజట్టుగా నెంచుకొనిన నాకు, వేలము జరిగినప్పుడెల్ల ఈ మూలనుగూర్చియే మనసు కలుక్కుమనుచుండును. 2018లో రాహుల్ చౌదరికి కోటి 29 లక్షలు, 2019లో సిద్ధార్థ్ దేశాయికి కోటి 45 లక్షలు, 2023లో పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షల 50 వేలు: మన సొమ్ము కూతకు పోవు రైడర్ల వెంటనే పోయినది. వారు గొప్ప ఆటగాండ్రనుటలో సందేహము లేదు. అయినను పవన్ వచ్చిన ఆ సీజనున మనవారు 22 ఆటలలో రెండే గెలిచి కట్టకడపట నిలిచిరి. అదే వేలమున పుణేరి పల్టన్ వారు ఎడమమూల కాచు ఇరాను యువకుడు మొహమ్మద్‌రెజా షాద్లూయిని 2 కోట్ల 35 లక్షలకు కొనిరి. 2024 మార్చి 1న, మన హైదరాబాదులోనే, కప్పు నెత్తుకొనిరి. మరుసటి వేలమున అతనిని 2 కోట్ల 7 లక్షలకు తీసికొనిన హరియాణా స్టీలర్స్ ఆ డిసెంబరులో విజేతలైరి. ఒక్కని వలననే కప్పు వచ్చినదని నేననను. రెండుమార్లును ఆ మూల గట్టిగా నుండెనని మాత్రమే యనుచున్నాను.

ఇందులకు కారణము ఆట నియమములలోనే యున్నది. కూతకు పోయినవాడు ముప్పది సెకనులు ఒంటరివాడు. పట్టుబడెనా, వెలుపల బల్లమీద కూర్చుండవలసినదే. తనంత తాను లేచి రాలేడు; తనవారు ఎదుటివానిని పట్టినప్పుడో, మఱియొకడు పోయి తాకి వచ్చినప్పుడో వానికి పునర్జన్మము. అనగా, మూలలు వదులైన జట్టులో కోట్లు పోసి తెచ్చిన వీరుడు ఆటలో అధికభాగము ప్రేక్షకుడై యుండును. పట్టువానికి పెట్టిన ధనము రైడరును ఆటలో నిలుపుటకు పెట్టినదే యగును.

అమెరికావారి ఫుట్‌బాల్‌లోను ఈ తర్కమే కలదు. 2021 డ్రాఫ్టున సిన్సినాటి బెంగాల్స్, బంతి విసరువానికి అడ్డునిలిచి కాపాడు పెనై సూయెల్‌ను విడిచి, బంతి నందుకొను జమార్ చేజ్‌ను ఎన్నుకొనిరి. చేజ్ అసాధారణుడు, ఆ జట్టు తుదిపోరు వఱకు పోయినది. కాని ఆ తుదిపోరులో, బంతి విసరు జో బరో ఏడు మార్లు నేలగూలెను. మూడు పాయింట్లతో వారోడిరి. నాకు ఆ ఏడు పాట్లే కనబడును.

మన్యములోని ఆశ్రమ పాఠశాలల వ్యాయామోపాధ్యాయులకు నాదొక మనవి. పిల్లలకు కూత నేర్పుటకు ముందు మూల నేర్పుడు. వచ్చు సంక్రాంతి పోటీలలో ఒక బహుమానమును పట్టువానికే ప్రత్యేకించి, వాని పేరును మైకులో రెండుమార్లు చదువుడు.